వదిన ముక్కుపుడకలో కాకిపాదం

మొన్న నారాయణగూడలో ఒక నగల దుకాణంలో, పదిమంది ముందు నేను గట్టిగా అరిచాను. యాభై దాటిన మనిషిని, కూరగాయల బండి దగ్గర కూడా గొంతు పెంచని మనిషిని. ఎదురుగా కూర్చున్న అమ్మాయి పాపం చేసిన తప్పేమీ లేదు. మా వదిన ముక్కుపుడకలోంచి విడదీసిన వజ్రాన్ని యంత్రం కింద పెట్టి చూసి, "రాయి మస్తు సాఫ్‌గ ఉంది ఆంటీ, లోపల ఒక్క మచ్చ లేదు. కటింగే మంచిగ లేదు" అన్నది. అంతే. "ఏందీ? మచ్చ లేదా? సరిగ్గ చూడమ్మా!" అన్న నా అరుపుకు పక్కన గాజులు చూసుకుంటున్న ఆవిడ ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి మాత్రం బెదరలేదు. నన్నే దగ్గరికి పిలిచి చూడమంది. "నడిమిట్ల నల్లగ కనిపిస్తున్నది గదా, అది మచ్చ కాదు, నీడ. బరువు తగ్గొద్దని రాయిని అడుగున లోతుగ ఉంచి కోసిండ్రు. పైన పడ్డ వెలుగు మళ్ళ పైకి రాకుండ పక్కకు జారిపోతది. అందుకే నల్లగైతది" అంటూ పట్టుకారుతో రాయిని కొంచెం వంచింది. నేను చూస్తుండగానే ఆ నల్లటి మూడు వేళ్ళు పక్కకు జరిగాయి. ఒక వేలు మాయమైంది. "మచ్చయితే ఉన్న కాడనే ఉంటది ఆంటీ. తిప్పితే జరగదు" అన్నది.

ఆ మూడు వేళ్ళ నలుపుకు మా ఇంట్లో కాకిపాదం అని పేరు. కాకిపాదం ఉన్న వజ్రం ఇంటిని ముంచుతుందని, పెట్టుకున్న మనిషిని కాదు, ఆ ఇంటి పెద్దను తీసుకుపోతుందని మా పెద్దమామ చెప్పాడు. మేమందరం నమ్మాం. నమ్మి ఒక మనిషిని ఏళ్ళ తరబడి నంజుకు తిన్నాం. ఇప్పుడు చెప్పండి, అరవకుండా ఏం చేయను?

తొంభైల మధ్యలో మేము చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బాపు, అమ్మ, అన్న, వదిన, నేను. ముందు గదిలో కూర్చుంటే మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు, వంటింట్లో కూర్చుంటే పక్కింటి వాళ్ళ పోపు ఘాటు. ఏ గదిలోనూ ఎవరికీ రహస్యమన్నది ఉండేది కాదు. వదిన నారాయణగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. సన్నగా, పొడుగ్గా, సుద్దముక్క వాసన వేస్తూ ఉండేది. ఆమెకు చీరల పిచ్చి లేదు, తిండి యావ లేదు. ఉన్నదల్లా ఒక్కటే కోరిక, ముక్కుకు ఒంటిరాయి వజ్రం. జీతంలో మిగుల్చుకుని మిగుల్చుకుని మూడేళ్ళకు కొనుక్కుంది. మినపబద్దంత రాయి. నడుమ కొంచెం మబ్బుగా ఉన్నా తల తిప్పినప్పుడల్లా అంచున తళుక్కుమనేది. పొద్దున జడ వేసుకుంటూ అద్దం ముందు తలను అటూ ఇటూ తిప్పుకుని, నేను చూస్తున్నానని తెలిసి సిగ్గుపడేది. ఆడబిడ్డను కదా, నేనూ ఊరుకునేదాన్ని కాదు. "చాలు వదినా, బడికి వేళయితుంది. పిల్లలు నీ ముక్కు చూసే లెక్కలు తప్పుతున్నరంట" అని ఏడిపించేదాన్ని.

మా పెద్దమామ గురించి చెప్పాలి. అమ్మకు పెద్దన్న, బర్కత్‌పురలో ఉండేవాడు. రిటైరయ్యాక ఆయనకు అన్నీ తెలిసిపోయాయి. పుచ్చకాయను వేలితో కొట్టి ఎర్రగా ఉందో లేదో చెప్పేవాడు. కోస్తే తెల్లగా ఉండేది. నెయ్యి వాసన చూసి ఏ ఊరిదో చెప్పేవాడు. అంబర్‌పేట్‌లో మా చిన్నమ్మ వాళ్ళకు దగ్గరుండి ఒక జాగా కొనిపించాడు. వానపడితే అందులో మోకాళ్ళ లోతు నీళ్ళు. అయినా మా వాళ్ళు చెప్పుల జత కొన్నా సరే ఆయనకు చూపించకుండా తొడుక్కునే వాళ్ళు కాదు. వదిన వజ్రం కొన్నప్పుడు కూడా ఆయన మాట ప్రకారమే రాయిని పసుపుగుడ్డలో చుట్టి మూడు రోజులు దేవుని గూట్లో పెట్టాం. మూడు రోజుల్లో ఇంట్లో ఏ కీడూ జరగకపోతే రాయి అచ్చొచ్చినట్టు. పాలు కూడా విరగలేదు. "అచ్చొచ్చింది, పెట్టుకో బిడ్డా" అన్నది ఆయనే. ఈ ముక్క మా ఇంట్లో తర్వాత ఎవ్వరికీ గుర్తు లేదు.

రెండు నెలలు గడిచాయి. ముసురు పట్టిన రోజుల్లో నారాయణగూడ చౌరస్తాలో అన్న స్కూటర్ జారి కాలు విరిగింది. పిండికట్టు వేసి ఇంటికి పంపిన పది రోజులకు, ఒక పొద్దున, బాపు స్నానానికి నల్లా కింద నీళ్ళు పట్టుకుంటూ కూలబడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఆయన పెట్టుకున్న బకెట్టు నిండి, నీళ్ళు పొర్లి వరండా అంతా పారుతుంటే ఎవరమూ నల్లా కట్టేయలేదు. ఆ దుఃఖం నిజం. అమ్మ దుఃఖం నిజం. దాన్ని నేను ఇప్పటికీ కాదనను. నా కోపమల్లా ఆ దుఃఖాన్ని తీసుకుపోయి ఒక ఆడమనిషి ముక్కు మీద పెట్టినందుకు.

పన్నెండో రోజు. భోజనాలయ్యాక చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. పెద్దమామ ఆ మధ్యే గడియారాలు బాగుచేసే స్నేహితుడి దగ్గర ఒక అద్దం సంపాదించాడు. కంటికి బిగించుకునే నల్లటి గొట్టం లాంటిది, దానికి ఎర్ర తాడు. దాన్ని జేబులోంచి తీసి, "కోడలా, జర ఆ పుడక తియ్యి" అన్నాడు. అంతమంది ముందు వదిన ముక్కుపుడక విప్పి ఆయన చేతిలో పెట్టింది. వరండాలోకి పోయి, ఎండకు పట్టి, కన్ను చికిలించి చాలాసేపు చూశాడు. "ఇగో, నేను అనుకుంటనే ఉన్న. నడిమిట్ల కాకిపాదం. ఇసొంటి రాయి ఇంట్ల ఉంటె ఇంటి పెద్దను మింగుతది. శాస్త్రంల ఉన్నది" అన్నాడు. ఎవరో గుసగుసగా అదేమిటని అడిగారు. ఇంకెవరో అయ్యో అన్నారు. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, "నావి ముసలి కండ్లు. నువ్వు చదువుకున్న పిల్లవు, నువ్వు చూసి చెప్పు బిడ్డా" అన్నాడు.

చూశాను. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న, సైన్సు మార్కులు బాగా వచ్చే, నా అంత తెలివైంది లేదనుకునే నేను, ఆ అద్దాన్ని కంటికి పెట్టుకుని చూశాను. నల్లగా మూడు వేళ్ళు కనిపించాయి. "అవును మామా, కాకి కాలు లెక్కనే ఉన్నది" అన్నాను. నా మొహం మండ! రాయిని వేలితో ఒక్కసారి ఇటు తిప్పి ఉంటే సరిపోయేది. ఒక్కసారి. తిప్పలేదు. అమ్మ వదిన వైపు చూసి, "నీ ముక్కు మీది సోకు నా బొట్టు తీసింది గదనే" అని గుండెలు బాదుకుంది. వదిన, "నేనేం చేసిన అత్తమ్మా?" అన్నది, అంతే. లోపల మంచం మీద పిండికట్టుతో పడుకుని అన్నీ వింటున్న అన్న, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మగమహారాజు నోరు ఆ రోజు పెగల్లేదు, ఆ తర్వాతా పెగల్లేదు.

దోషమున్న రాయిని ఇంకొకరికి అంటగడితే పాపమట. అందుకని పుడకను కెమెరా రీలు డబ్బాలో వేసి బీరువా అడుగున పెట్టారు. మర్నాడు వదిన పొరక నుంచి ఒక ఈనె విరిచి, కుట్టిన చోటు పూడిపోకుండా ముక్కుకు పెట్టుకుంది. చిన్నపిల్లలకు కొత్తగా ముక్కు కుట్టించినప్పుడు పెడతారే, అట్లా. బంగారు పుడక పెట్టుకొమ్మని అమ్మ రెండుసార్లు అన్నది. వదిన వినలేదు. అదే ఈనె ముక్కతో బడికి పోయేది, బతుకమ్మకు పోయేది. అక్కడ మాత్రం కొంచెం ఎడంగా నిలబడేది, ఎందుకంటే కబురు మాకంటే ముందే సందంతా తిరిగింది. పసుపు దంచేటప్పుడు రోలు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. "అచ్చిరాని చెయ్యి" అని మొహం మీదే అనేవాళ్ళు. నాలుగేళ్ళ తర్వాత నా పెళ్ళి. ఉన్న ఒక్క వదిన, హారతి పళ్ళెం పట్టాల్సిన మనిషి. పళ్ళెం తీసుకుని రాబోతుంటే పెద్దమామ, "కోడలా, నువ్వు వంటలు చూస్కో" అన్నాడు. చిన్నమ్మ వచ్చి పళ్ళెం అందుకుంది. పీటల మీద కూర్చున్న నేను తలెత్తి చూశాను, మళ్ళీ తల దించుకున్నాను. పెళ్ళయి మొదటిసారి పుట్టింటికి వచ్చేసరికి వదిన ముక్కుకు ఈనె లేదు. కన్నం పూడిపోయి చిన్న చుక్కలా మిగిలింది. ఎందుకు తీసేశావని నేను అడగలేదు.

పెద్దమామ పోయాడు. అమ్మ పోయింది. అన్నా వదినా అశోక్‌నగర్‌లో ఒక ఫ్లాటులో ఉంటున్నారు. ఇప్పుడు ఆ బిల్డింగును పడగొట్టి కొత్తది కడతారట, సామాను సర్దుతుంటే రీలు డబ్బా దొరికింది. "నీ బిడ్డకు ఉంగరం చేయించు. భయమైతె మూసీల పారెయ్" అని వదిన నా చేతిలో పెట్టింది. నా కూతురికి భయం లేదు. నాకే ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అందుకే పరీక్ష చేయించడానికి తీసుకుపోయాను.

దుకాణంలోంచి బయటపడి ఆటో ఎక్కి నేరుగా అశోక్‌నగర్ పోయాను. దారంతా పెద్దమామను తిట్టుకున్నాను, అన్నను తిట్టుకున్నాను, చచ్చిపోయిన అమ్మను కూడా తిట్టుకున్నాను. వదిన నేల మీద కూర్చుని గిన్నెలను పాత పేపర్లలో చుడుతోంది. నిలబడే అంతా చెప్పాను. లోతుగా కోయడం, నీడ, తిప్పితే జరగడం. "ఆ ముసలాయన బతికుంటే ఇయ్యాల పోయి కడిగేసేదాన్ని వదినా" అన్నాను. వదిన చుడుతున్న గిన్నెను చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది.

"నాకు ఎర్కనే" అన్నది.

"ఎప్పటి నుంచి?"

"గా వారంలనే. లెక్కలు చెప్పేదాన్ని, తిప్పి చూడకుంట ఉంటనా? బీరువాలకెల్లి తీస్కపోయి బడిల భూతద్దం కింద పెట్టి చూసిన. నీడ జరిగింది."

"మరి చెప్పలేదేంది!" మళ్ళీ అరిచాను. ఆ రోజుకది రెండోసారి.

వదిన గొంతు పెంచలేదు. "చెప్పిన. నీకే చెప్పిన. నేనంటె అత్తమ్మ నమ్మదు, నువ్వంటె నమ్ముతదని పుడక చేత పట్టుకొని నీ తానికొచ్చిన. నువ్వు బుక్కు ముంగటేస్కొని కూసున్నవ్. పరీక్షలున్నయ్ వదినా, తర్వాత చూస్త అన్నవ్."

నాకు గుర్తు లేదు. ఆ అద్దానికి కట్టిన ఎర్ర తాడు గుర్తుంది, వరండాలో పారిన నీళ్ళు గుర్తున్నాయి, పెళ్ళినాడు చిన్నమ్మ కట్టుకున్న చీర అంచు గుర్తుంది. ఇది మాత్రం ఎంత తవ్వినా రావడం లేదు. అబద్ధమేమో అందామంటే, వదిన జీవితంలో ఒక్క అబద్ధం ఆడగా నేను వినలేదు. ఇంతసేపూ ఊరందరి మీద చిమ్మిన కోపం తిరిగి తిరిగి వచ్చి నా ఒళ్ళోనే కూర్చుంది. "మరి ఆ ఈనె ఎందుకు పెట్టుకున్నవ్, అన్నేళ్ళు?" అని అడిగాను.

"తర్వాత చూస్త అన్నవ్ గదా" అన్నది వదిన. "నువ్వు చూసేదాంక కన్నం పూడొద్దని."

నా పెళ్ళిలో నేను తల దించుకున్న రోజు దాకా, నాలుగేళ్ళు. ఒక మధ్యాహ్నం తప్పించుకోవడానికి నేను అనేసి మరిచిపోయిన ఆ 'తర్వాత'ను, వదిన అంతకాలమూ ముక్కుకు పెట్టుకుని తిరిగింది.