ఏప్రిల్ లేని పుస్తకం

1968లో శ్రీకాకుళంలో టీచరు ట్రైనింగుకు నాకు సీటు వచ్చింది. జూలై ఒకటికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలన్నారు. నేను పుట్టింది 1950 ఏప్రిల్ 4న. ఎనభై ఎనిమిది రోజులు ఎక్కువే ఉన్నాయి.

నరసన్నపేట దగ్గర మా పంచాయతీ ఆఫీసులో పుట్టినతేదీ కాగితం అడిగితే 8-8-50 అని రాసిచ్చారు. ముప్పై ఎనిమిది రోజులు తక్కువ!

అంతకు ముందు నెలలోనే పాత జనన పుస్తకాలు పదిహేడూ కొత్తవాటిలోకి ఎత్తి రాయించారట. పాతవాటిలో అట్ట మీద సంవత్సరం ఒక్కటే ఇంగ్లీషు అంకెల్లో ఉండేది. లోపల రోజూ, నెలా తెలుగు అంకెలే. రాసిన గుమాస్తాకు ఆ అంకెలు రావు. తెలియనివి పెద్దవాళ్లను అడిగాడు. తెలుగు నాలుగు పైన మూత పడని ఎనిమిదిలా ఉంటుంది కనక, అది తెలుసనుకుని అడగలేదు. అసలు ఎనిమిదిని అడిగి తెలుసుకున్నప్పుడైనా, ఒక్క అంకెకు రెండు రూపాలెందుకని అతనికి తట్టలేదు. పదిహేడు పుస్తకాల్లోనూ నాలుగన్నదే లేకుండా పోయింది.

కొత్త పుస్తకం తీయించి హెడ్ గుమాస్తా ముందు పెట్టాను.

"సూడండి. పుట్టినోళ్లని పుట్టినట్టు వరసగా రాసిన పుస్తకం. మార్చి తరవాత ఆగస్టు, ఆగస్టయ్యాక మే! ఆ ఏడు మనూరికి ఏప్రిల్ రాలేదేటండీ?"

ఆయన నవ్వాడు. "ఒరే, ఈ పిల్ల నోరు సూసినావా! నిజమేనమ్మా. పాత పుస్తకం తే, ఇప్పుడే దిద్దేస్తాను."

"అది మీకాడే కదా ఉన్నాది?"

పుస్తకాలు ఎత్తి రాసిన గుమాస్తా తల వంచుకున్నాడు. "కొత్తవి రాసీసినాం కదా అని పొయ్యిలో ఎట్టేసినాం. టీ కాసుకోడానికి."

"సరిసూసుకోకుండానే?"

"పదిహేడు పుస్తకాలు! ఎవుడు సూస్తాడమ్మా?"

పాత పుస్తకం లేదు కనక ఆధారం లేదన్నారు. అర్జీలు మూడు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. సీటు పోయింది. మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుని చేరాను.

2008లో యాభై ఎనిమిదేళ్లకు రిటైరయ్యేటప్పుడు, రికార్డు ప్రకారం ఆగస్టు దాకా ఉద్యోగం ఉందన్నారు. నేను పుట్టిన నెల లెక్కన ఏప్రిల్ 30నే దిగిపోతానని రాసిచ్చాను. మా హెడ్మాస్టరు కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"ఏటండీ మేడమ్, ఊరికే వస్తన్న నాలుగు నెలలు వద్దంటారేటి?"

"నాకాడ ఏడాది తీసుకున్నారు బాబూ. నాలుగు నెలలిచ్చి సరిపెట్టుకుంటామంటే, ఆ లెక్కకి నాను సంతకం ఎట్టను."