ట్యూబులైటు పట్టుకున్న కామెర్లు

మా ఇంట్లో సాయంకాలపు ప్రార్థన చీకట్లో జరిగేది. దానికీ భక్తికీ ఏ సంబంధమూ లేదు. ప్రార్థన చేసేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు కదా, మూసుకున్న కళ్ళకు బల్బెందుకని మా బాపు ప్రశ్న. పాట అయిపోగానే బాపు లేచి స్విచ్చు ఆపేవాడు, చీకట్లో దేవుడితో మాట్లాడేవాడు, "ఆమెన్" అంటూనే గోడ తడుముకుని మళ్ళీ వేసేవాడు. ఆయన ఆమెన్‌కూ స్విచ్చు టక్కుమనే చప్పుడుకూ మధ్య సందు ఉండేది కాదు. చాలా ఏళ్ళదాకా ఆ రెండూ కలిపి ఒకటే మాట అనుకున్నాను నేను.

అవి డెబ్బైల చివరి రోజులు. హనుమకొండలో సుబేదారి వైపు ఉండేవాళ్ళం. బాపు అక్కడే ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. అమ్మ పెద్ద దవాఖానలో నర్సు. నేను డిగ్రీ చదువుతున్నాను. బాపును కన్న నానమ్మ మాతోనే ఉండేది. బాపు పిసినారి అంటే నేను ఒప్పుకోను. తిండికి, బట్టలకు, పుస్తకాలకు ఏనాడూ వెనకాడలేదు. ఆయన పగంతా కరెంటు మీదే. మీటరు చక్రం తిరుగుతుంటే తన ఒంట్లోంచి రక్తం తీస్తున్నట్టు చూసేవాడు.

ఒకసారి నానమ్మకు జ్వరం వస్తే మా చర్చి అయ్యగారు చీకటి పడ్డాక చూడటానికి వచ్చారు. చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, నానమ్మ నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. అయ్యగారి ప్రార్థన నానమ్మ జ్వరంతో మొదలై, దేశంలోని రోగులందరినీ పలకరించి, ప్రభుత్వాన్ని ఆశీర్వదించి గానీ మా ఇంటికి తిరిగి రాదు. ఆయన దేశం మీదికి వెళ్ళగానే బాపు స్విచ్చు ఆపేశాడు. ఆమెన్ అన్నప్పుడు బాపు చెయ్యి ఆ రోజెందుకో గోడమీద దారి తప్పింది. అయ్యగారు కళ్ళు తెరిస్తే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. గాభరాగా లేవబోయి చాయ గ్లాసును తన్నారు.

"ఏమాయె? కరెంటు పోయిందా?"

"లేదయ్యగారూ, నేనే బంద్ చేసిన," అన్నాడు బాపు, ఏ మొహమాటమూ లేకుండా.

"ఎందుకయ్యా?"

"మీరు కండ్లు మూసుకున్నరు గద."

ఆ తర్వాత అయ్యగారు మా ఇంట్లో ఎప్పుడు ప్రార్థన చేసినా ఒక కన్ను సగం తెరిచే ఉంచేవారు. అది నాకెట్లా తెలుసు అంటారా? నేనూ తెరిచే ఉంచేదాన్ని.

ఇట్లాంటి మనిషికి హనుమకొండ చౌరస్తాలో ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం నడిపే సాయిబు ట్యూబులైటు గురించి చెప్పాడు. బాపు వెళ్ళింది మాడిపోయిన బల్బు బదులు కొత్తది కొందామని. సాయిబు బల్బును చేతిలోకి తీసుకుని, ఏదో ముసలి జబ్బు మనిషిని చూసినట్టు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడట.

"ఇది నూరు క్యాండిల్ బల్బు సార్, నూరు వాట్లు తింటది, ఇచ్చే వెలుగేమో గింత. సగం ఉడుకుకే పోతది. ట్యూబు పెట్టుండ్రి. నలభై తింటది, ఇల్లంత పట్టపగలు చేస్తది. జర మీరే లెక్క చూసుకోండ్రి."

లెక్క చూసుకోమని బాపుతో అనడం ఆకలిగొన్నవాడికి విస్తరి వేయడమే. ఆ రాత్రి మంచం మీద పడుకుని కూడా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన అనుకుంది నానమ్మ. కాదు, వాట్లు.

ట్యూబు రానే వచ్చింది. మరుసటి గురువారం సాయంత్రం సాయిబే స్వయంగా వచ్చి ముందుగది గోడకు పట్టీ బిగించి, చోకు పెట్టి, స్టార్టరు తిప్పి, నిచ్చెన దిగాడు. నానమ్మ ముసుగు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. స్విచ్చు వేయగానే ట్యూబు చివర్లలో ఎర్రగా మినుకుమంది. ఆరింది. మళ్ళీ మినుకుమంది. మొత్తం కొట్టుకుంది. ఆరింది.

"దీనికి ఫిట్స్ వచ్చినట్టున్నదిరా కొడుకా," అంది నానమ్మ.

"ఆగుండ్రి అమ్మా, ఆలోచన చేస్తాంది," అన్నాడు సాయిబు.

ఆలోచన పూర్తయి ట్యూబు భళ్ళున వెలిగింది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా పసుపు వెలుగులో కాస్త చూడముచ్చటగానే ఉన్నామని అనుకునేవాళ్ళం. ఇప్పుడు నానమ్మ మొహంలో ప్రతి ముడతా లెక్కకు దొరుకుతోంది. నా చెంప మీది మొటిమలు నాకంటే ముందు అందరికీ కనిపించాయి. గోడల సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో, మూలల్లో ఎన్నేళ్ళ బూజు ఉందో మొత్తం బయటపడింది.

"పీనుగుల లెక్క ఉన్నం అందరం," అంది నానమ్మ. "పాత దీపమే పెట్టురా."

బాపు వినలేదు. బయటికి వెళ్ళి మీటరు చక్రం నెమ్మదిగా తిరగడం చూసి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైన తండ్రిలా లోపలికొచ్చాడు. అదే సమయానికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "పొద్దంత దవాఖాననే, ఇంటికొచ్చినా దవాఖాననేనా?" అని గొణిగింది. సంచి కింద పెట్టబోయి బాపు మొహం చూసి ఆగిపోయింది.

"ఇటు రాండ్రి," అంది.

"చూసినవా, ఎంత వెలుగున్నదో!"

"వెలుగు సంగతి తర్వాత. ఇటు రాండ్రి మీరు."

ఆయన్ని ట్యూబు కిందికి లాగి, కింది రెప్ప వేలితో కిందికి గుంజి చూసింది. రెండో కన్ను కూడా చూసింది. తర్వాత నానమ్మను, నన్ను, సాయిబును కూడా వరసగా నిలబెట్టి మా కళ్ళు చూసింది. సాయిబు నోరెత్తకుండా చూపించాడు.

"అందరివి తెల్లగనే ఉన్నయి. మీయే పచ్చగున్నయి. కామెర్లు."

"కొత్త లైటు గద, అట్లనే కనిపిస్తది," అన్నాడు బాపు.

"మీ ఒక్కని కండ్లల్లనే కనిపిస్తదా?"

సాయిబు తన సరుకు పరువు కాపాడుకోవాల్సి వచ్చింది. "లైటు మంచిదే సార్," అన్నాడు మెల్లగా. "కండ్లే జర తేడా ఉన్నట్టున్నయి."

అన్ని రోజులు మేమెవరం ఎందుకు చూడలేదని మీరు అడగొచ్చు. ఆ నెలంతా అమ్మ తెల్లారకముందే డ్యూటీకి పోయేది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. బల్బు పసుపులో బాపు కళ్ళ పసుపు కలిసిపోయింది. నేను పగలు చూస్తూనే ఉన్నాను కదా అంటే, బాపు కళ్ళలోకి సూటిగా చూసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన కొన్నాళ్ళుగా అన్నం సరిగా తినడం లేదు. అదీ ఏదో కొత్త పొదుపే కాబోలు అనుకున్నాం.

తెల్లారి అమ్మ సెలవు పెట్టి, ఆయన్ని వాకిట్లో ఎండకు నిలబెట్టి మళ్ళీ చూసింది. అనుమానం లేదు. దవాఖానకు తీసుకుపోయి రక్తం ఇప్పించింది. డాక్టరు పరీక్ష చూసి, సరైన సమయానికి వచ్చారని, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఆఫీసుకు తిరిగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పాడు. కదలకుండా పడుకోవాలి, నూనె ముట్టకూడదు, కాచిన నీళ్ళే తాగాలి. ఇంటికి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే రిక్షాలో ఇరుక్కున్నాం. అమ్మ ఆయన చెయ్యి పట్టుకునే కూర్చుంది. బజారులో వాళ్ళిద్దరూ అట్లా చేతులు పట్టుకుని ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. ఆయన కామెర్లకంటే ఆ చేతులకే ఎక్కువ భయపడ్డాను.

నాలుగు రోజులకు ఆ భయం తీరింది. ఎందుకంటే బాపు పగటిపూట ఇంట్లో ఉండటం మొదలైంది. అంతకుముందు పగలు ఇల్లెట్లా నడుస్తుందో ఆయనకు తెలియదు. ఇప్పుడు మంచం మీద పడుకుని సర్వం చూశాడు. నేను ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడితే, "ఎవలది చీర? మొన్ననే చేస్తివి గద?" అని మంచం మీంచి గొంతు. నానమ్మ ఫ్యాను కింద కునుకు తీస్తే, "అమ్మా, గాలి బయట ఉచితంగ వస్తాంది," అని సలహా.

"నువ్వు జల్ది బాగు కావాలె బిడ్డా," అంది నానమ్మ ఒకరోజు, నిజంగా మనస్ఫూర్తిగా. "నీకోసం కాదు, మాకోసం."

త్వరగా బాగుచేయడానికి నానమ్మ దగ్గర మందు కూడా ఉంది. నర్సంపేట అవతల ఒక పల్లెలో కామెర్లకు ఆకు పసరు పోస్తారని, ఆదివారం పొద్దున పరగడుపున పోవాలని ఆమె పట్టు. అమ్మ ససేమిరా అంది. ఒక ఆదివారం అమ్మ డ్యూటీలో ఉండగా తల్లీకొడుకులు నాతో చర్చికని చెప్పి బస్సెక్కి నర్సంపేట పోయారు. పసరు పోయించుకుని, కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుకుంటూ వచ్చాడు బాపు. అప్పటికే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"చర్చిల ఏం వాక్యం చెప్పిండ్రు?" అంది.

బాపు నానమ్మ వైపు చూశాడు. నానమ్మ పైకప్పు వైపు చూసింది.

"కండ్ల నీళ్ళు పెట్టించే వాక్యమే ఉన్నట్టుంది," అని అమ్మ లోపలికి పోయి కాచిన నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రెండు రోజులు వాళ్ళిద్దరితో మాట్లాడలేదు. మందులు మాత్రం వేళకు వేసింది.

ఈలోగా ట్యూబులైటు తన బుద్ధి చూపించింది. మా వీధిలో సాయంత్రం అయ్యేసరికి వోల్టేజీ పడిపోయేది. అట్లాంటప్పుడు బల్బయితే ఎర్రగానైనా వెలుగుతుంది. ట్యూబుకు ఆ సర్దుబాటు తెలియదు, కొట్టుకుంటుందే తప్ప వెలగదు. అది ఆలోచన చేసుకునేదాకా పక్కన బల్బు వేయాల్సి వచ్చేది. అంటే కరెంటు మిగిల్చే దీపాన్ని వెతుక్కోవడానికి కరెంటు తినే దీపం. పైగా సాయిబు చూడటానికి వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పాడు: ఊరికే ఆపుతూ వేస్తూ ఉంటే స్టార్టరు పాడవుతుందట. బాపు కుప్పకూలిపోయాడు. ఆపితే స్టార్టరు నష్టం, ఆపకపోతే కరెంటు నష్టం. ఎంత పొడుగు ప్రార్థన అయితే ఆపడం గిట్టుబాటవుతుందో పడుకునే లెక్కలు వేశాడు. మా ఇంటి ప్రార్థనలు ఆ పొడుగుకు చాలవని తేలింది. అట్లా మేము మొదటిసారి వెలుగులో దేవుణ్ణి తలుచుకున్నాం. నాకేమో దొంగతనంగా కళ్ళు తెరవడం కష్టమైపోయింది.

బాపు లేచి తిరగడం మొదలుపెట్టాక, దేనివల్ల బాగయ్యాడన్నది తేలలేదు. మందులని అమ్మ, పసరని నానమ్మ, ప్రార్థనలని అయ్యగారు. ఆదివారం సాయంత్రం ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి బాపును సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. ఇస్త్రీ బట్టల్లో, సగానికి చిక్కిపోయిన ఒంటితో ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. దేవునికి స్తోత్రం చెప్పాడు. డాక్టరుకు, తన భార్యకు చెప్పాడు. అమ్మ తల దించుకుంది. అక్కడితో కూర్చుంటే బాగుండేది.

"ఇంకొక సంగతి," అన్నాడు. "నా రోగం పట్టిచ్చింది ట్యూబులైటు. బల్బు కింద పడుకుంటే నేను ఈపాటికి మీ అందరి భుజాల మీద ఉందును. నలభై వాట్లే. మన చర్చిల చూడుండ్రి, ఎన్ని బల్బులున్నయో. ఎవలకు ఏ రోగం ఉన్నదో ఎవలకు ఎరుక?"

వెనక వరసల్లో అందరూ పక్కవాళ్ళ కళ్ళలోకి చూసుకోవడం మొదలుపెట్టారు. అయ్యగారు దగ్గారు. బాపు వినిపించుకోలేదు. చోకు గురించి, స్టార్టరు గురించి, పట్టీ ఎక్కడ బిగించాలో దాని గురించి కూడా చెప్పి, "ఆమెన్" అని దిగాడు. సంఘమంతా అలవాటు ప్రకారం "ఆమెన్" అంది. ఆ లెక్కన తీర్మానం పాసయినట్టేనని చర్చి కమిటీవాళ్ళతో వాదించి, వేసవిలోగా నిజంగానే ట్యూబులు పెట్టించాడు. అందరికంటే లాభపడింది అయ్యగారే. వెనక బెంచీల మీద ప్రసంగం మధ్యలో ఎవరెవరు నిద్రపోతారో ఆయనకు పీఠం మీంచి స్పష్టంగా కనిపించసాగింది. నిద్రపోయేవాళ్ళు బాపును చాలాకాలం క్షమించలేదు.

ఆ ఊపులో బాపు పడకగదికి కూడా ట్యూబు తెచ్చాడు. వంటింటికి ఇంకొకటి తేబోతే అమ్మ అడ్డం నిలబడింది.

"ఇక్కడ పెట్టొద్దు. నేను పొద్దంత ఆ వెలుగులనే తిరుగుత. కూర రంగు నాకు కూర లెక్కనే కనపడాలె."

నర్సు మాటకు ఎదురు చెప్పే స్థితిలో లేడాయన. వంటింట్లో నలభై క్యాండిల్ల బల్బు అట్లాగే వేలాడింది. చలికాలం మొదలయ్యాక ఒక్కొక్కరం అక్కడికే చేరడం మొదలుపెట్టాం. నేను పుస్తకం తీసుకుని బియ్యం డబ్బా మీద కూర్చునేదాన్ని. నానమ్మ పీట వేసుకుని వెల్లుల్లి ఒలిచేది. ఆ వెలుగులో ఆమె ముడతలు లెక్కకు దొరికేవి కావు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముందుగదిలో ట్యూబు కింద బాపు ఒక్కడే పేపరుతో కూర్చుని, మా నవ్వులు వినిపించినప్పుడల్లా "ఏందది? ఏమన్నది?" అని కేకేసేవాడు. దానికి మేము ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళం.

ఒక సాయంత్రం ఆయన ట్యూబు ఆపేసి, పేపరు చంకలో పెట్టుకుని, కుర్చీ ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒక్కనికోసం నలభై వాట్లు ఎందుకు దండగ," అన్నాడు ఎవరినీ చూడకుండా.

"కూసోండ్రి," అంది అమ్మ. "కుర్చీ జర అటు జరుపుండ్రి, స్టవ్వుకు అడ్డమొస్తాంది."