అంకెల మీద చెక్కించిన అక్షరాలు

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అంతవరకూ ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతూ, వేలిముద్ర వేస్తూ బతికాను. పొదుపు సంఘం వాళ్లు మధ్యాహ్నం పూట చదువు చెబుతామంటే పోయాను. చదువు మీద ప్రేమతో పోయానని చెప్పుకోను. అక్కడ ఫ్యాను ఉంది, అందుకే పోయాను. కానీ అక్షరం పట్టుబడ్డాక నాకు నిలకడ లేకుండా పోయింది. బస్సు బోర్డు, సిమెంటు బస్తా, మందు సీసా, ఏది కనబడినా నిలబడి కూడబలుక్కుని చదివేదాన్ని. వెనకవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయేవాళ్లు.

కాబట్టే ఆ కాగితం నా కంట పడింది.

పోయిన వేసవిలో కుక్కర్ రబ్బరు సాగిపోతే కొత్తది కొనడానికి పాత్రల అంగడికి పోయాను. ఆ ఏడాదిలో అది మూడో రబ్బరు. నా మొదటి కుక్కర్ పద్దెనిమిదేళ్లు పప్పు ఉడికించింది. పిడి ఊడితే గుడ్డ చుట్టి వాడానే గాని ఒక్క పూట పస్తు పెట్టలేదు. దాన్ని పాత సామాన్లకు వేసి కొత్తది తెచ్చుకున్నప్పటినుంచీ ఇదే వరస. మిక్సీ రెండేళ్లకే పొగ వదిలింది. ఇస్త్రీ పెట్టె ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. బాగు చేసేవాడు విప్పి చూసి, లోపల అంతా ప్లాస్టిక్కే అవ్వా అని మళ్లీ మూసేశాడు.

అంగడి అద్దానికి పండగ ఆఫర్ల బొమ్మల కింద ఒక కాగితం సగం దాక్కుని ఉంది. బొమ్మ పైకెత్తి చదివాను. చాలాసేపు పట్టింది. ఈ రకం కుక్కర్లలో ఆవిరి ఉండగానే మూత ఊడిరావచ్చు, వాడకం ఆపండి, పిడి కింద ఉన్న నంబరు ఈ వరసలోదైతే తెచ్చివ్వండి, కొత్తది ఇస్తాం అని దాని సారం. పక్కన బొమ్మలో నీలం పిడి కుక్కర్. అది నాదే. నాదే కాదు, ఎమ్మిగనూరులో మా చెల్లెలిది కూడా. రెండూ ఒకేరోజు, ఆ అంగట్లోనే కొన్నాను.

"ఏమప్పా, ఈ కాగితం ఎప్పుడంటించినావు?" అని అంగడాయన్ను అడిగాను.

"నెలైంటాది లే అవ్వా. కంపెనీవాళ్లు అంటించమన్న్యారు, అంటించినాం."

"నాకు రెండు అమ్మింది నువ్వే కదా. ఒక మాట సెప్పాల కదా."

"అందరి ఇండ్లకూ యాడ తిరిగేది అవ్వా? కొన్నోళ్లు సదువుకోవాల."

"సదువుకున్న్యా. అందుకే అడుగుతాండా."

ఆయన గడియారం వైపు చూశాడు. నేనూ చూశాను. పదకొండు. ఎమ్మిగనూరులో మా చెల్లెలు పన్నెండు దాటాక పొయ్యి మీద పప్పు పెడుతుంది.

ఆమె, ఆమె మొగుడు మగ్గం నేస్తారు. మగ్గం గుంటకూ గ్యాసు పొయ్యికీ నడుమ మూడు బారల దూరం. గుంటలో కూర్చుని నేస్తూనే విజిల్స్ లెక్కపెట్టి, మూడో దానికి లేస్తుంది. ఆవిరి పోయేదాకా ఆగే మనిషి కాదు. గరిటెతో విజిల్ ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో మూత లాగేస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే, జొన్నరొట్టె పెనం మీద ఉండగానే తుంచుకునేది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మగ్గం ఆడుతుంటే ఆమెకు ఫోన్ వినబడదు. బస్సు ఎక్కాను. ఎక్కినా అది కదలలేదు. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు.

"ఏమప్పా, గ్లాసు కూడా నములుతావా ఏంది?" అన్నాను కిటికీలోంచి.

"అవ్వకు పెండ్లి సూపులున్నట్టుండాయి," అన్నాడు. బస్సులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దారి పొడుగునా ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. ఎవరు చెయ్యి ఎత్తినా ఆపుతాడు ఆ మహానుభావుడు. ప్రతి స్టాపుకూ ముందు సీటు కమ్మి పట్టుకుని లేచేదాన్ని, మళ్లీ కూలబడేదాన్ని.

బస్సు దిగి వాళ్ల వీధిలోకి తిరిగేసరికి మగ్గాల చప్పుడు. దానిలో ఎక్కడో ఒక విజిల్. అది ఎన్నోదో నాకు తెలియదు. ఈ మోకాళ్లతో నేను పరుగెత్తడం ఆ వీధి అదే మొదటిసారి చూసింది.

చెల్లెలు అప్పుడే గుంటలోంచి లేచి చేతికి గరిటె తీసుకుంటోంది. నేను పొయ్యి ఆర్పి, ఆమె రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"ఎవరు సచ్చినారక్కా?" అంది భయపడి.

"ఎవరూ సావలే. సావకుండా వచ్చినా. కూర్చో."

కుక్కర్ చల్లబడేదాకా ఇద్దరం అరుగు మీదే కూర్చున్నాం. కాగితంలో ఉన్నది చెప్పాను. నమ్మదని, ఇన్నాళ్లూ ఏం కాలేదంటుందని అనుకున్నాను. ఆమె కుడి చేతి రవిక కొంచెం పైకి జరిపింది. మోచేతి పైన అరచేయంత కాలిన మచ్చ.

"పోయిన నెల మూత ఎగిరింది అక్కా. విజిల్ ఎత్తకముందే ఎగిరింది. నాదే తొందర అనుకున్న్యా. నీకు సెప్తే తిడతావని సెప్పలే."

నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. తన తప్పే అనుకుని ఆ మచ్చ దాచుకుని, ఆ కుక్కర్లోనే మళ్లీ నెలరోజులు వండింది.

పప్పు గిన్నెలోకి వంపి, కుక్కర్ తిరగేసి పిడి కింద నంబరు వెతికాను. నంబరు లేదు. నా అక్షరాలున్నాయి.

మా దిక్కు స్టీలు సామాను ఏది కొన్నా పేరు చెక్కించకుండా ఇంటికి తేరు. నాలుగిళ్లకు పోయి వచ్చే పాత్రలు, పేరుంటేనే తిరిగొస్తాయి. అందరూ మొగుళ్ల పేర్లు చెక్కిస్తారు. నేను మాత్రం చెల్లెలి కుక్కర్ మీద నా చేతిరాత పడాలని, కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. చెక్కేవాడు మిషన్ పట్టుకుని, "అవ్వా, ఈడేవో అంకెలుండాయి, పక్కన చెక్కుదునా?" అన్నాడు. "అంకెలతో నాకేం పనప్పా, పిడి కింద ఐతే తోమినా అరగదు, ఆడే చెక్కు" అన్నది నేనే. అక్క ఇచ్చింది అని చెక్కించాలి. నేను క కింద వత్తు మరిచిపోయాను. అక ఇచ్చింది అని పడింది. చిన్నప్పుడు నేను ఇంటి పనిలో ఉండబట్టి ఐదో తరగతి దాకా చదవగలిగిన మా చెల్లెలు అది చూసి, "ఇంగొక క యాడ మింగినావక్కా?" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మగ్గానికి వచ్చే పోయేవాళ్లందరికీ చూపించింది.

మరుసటి రోజు రెండు కుక్కర్లూ ఆదోని అంగట్లో పెట్టాను. నాది ఎక్కడికీ పోయే పాత్ర కాదు కాబట్టి దానికి ఏమీ చెక్కించలేదు. దాని నంబరు శుభ్రంగా ఉంది. తీసుకున్నారు. చెల్లెలిది భూతద్దం పెట్టి చూశారు. మొదటి రెండంకెలు తప్ప మిగతావి నా అక్షరాల కింద పోయాయి.

"నంబరు లేకుంటే కంపెనీ తీసుకోదు అవ్వా."

"దీనితోనే నా చెల్లెలి చెయ్యి కాలింది. నంబరు ఆమె చేతి మీద ఉండాది, పిలుచుకొస్తా, సూసుకో."

ఆయన తల దించుకున్నాడు గాని మాట మార్చలేదు. అరిచాను. ఫలితం లేదు. నా కుక్కర్‌కు బదులుగా ఇచ్చిన కొత్తది అట్టపెట్టెలోంచి తీసి, దాని అంకెలు ఎక్కడున్నాయో ముందు వెతికి, వేలు పెట్టి చదువుకున్నాను. తర్వాత చెక్కేవాడికి ఇంకో వైపు చూపించాను. ఈసారి వత్తు పెట్టాను. రెండుసార్లు చూసుకున్నాను.

ఎమ్మిగనూరుకు తీసుకుపోయి ఇస్తే చెల్లెలు అది తిప్పి చదివింది. "ఇదెవరో సదువుకున్నామె ఇచ్చినట్టుంది," అంది. "నా అక యాడికి పోయింది?"

"నా ఇంట్లో ఉండాది లే. ఆవిరి పోయినాక మూత తియ్యి."

చెల్లెలి పాతదాని మూత చెవులు రోకలితో కొట్టి వంచేశాను, ఎవరి చేతికి పోయినా పట్టకుండా. అడుగు గిన్నెలో జొన్నపిండి పోసుకుంటున్నాను. పిండి తీసినప్పుడల్లా పిడి కింద నా రాత వేళ్లకు తగులుతుంది. ఇచ్చిందీ నేనే, వెనక్కి తీసుకున్నదీ నేనే.

నాకు ఇంకా కుదురు లేదు. కొత్త మిక్సీ, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్డు, అన్నీ తిరగేసి అంకెలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. వారానికోసారి ఆ అంగడి అద్దం దగ్గరికి పోయి బొమ్మలు ఎత్తి చూస్తాను. అంగడాయనకు నేనంటే విసుగు, పడనీ. ఇప్పుడు ఇది రాస్తుంటే పక్కింట్లో కుక్కర్ కూసింది. వాళ్లది నీలం పిడి అవునో కాదో నేను ఎప్పుడూ చూడలేదు. పోయి చూసి వస్తాను.