మా రుక్కు నడుము మీది కుచ్చు

బడికి వేసుకుపోవడానికి కొత్త పావడ కుట్టాలని మా రుక్కును బల్ల మీద నిలబెట్టి కొలతలు తీస్తున్నాను. హోసూరు బజారులో నాది చిన్న దర్జీ అంగడి. పాపకు అప్పుడు ఐదేళ్లు. నోరు ఊరుకోదు, నడుము కొలత పట్టేలోపలే నన్ను ప్రశ్నలతో చంపేసింది. ఉన్నట్టుండి బల్ల మీద పరిచిన గుడ్డ తడిసింది. అది పెళ్లివారి పట్టు గుడ్డ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏమే, చెప్పేదానికి నోరు లేదా?" అని అరిచాను. పిల్ల ఏడవలేదు. వంగి చూసి, "ఈ నీళ్లు యాడనుంచి వచ్చినాయి నాయనా?" అని నన్నే అడిగింది.

నా కోపం అక్కడే చల్లారింది. తెలిసి చేసిన పిల్ల అట్లా అడగదు. నిజంగానే ఆమెకు తెలియలేదు.

అంతవరకు మేం చిన్నతనం అనుకున్నాం. ఎప్పుడు చూసినా పావడ తడిగానే ఉండేది. మా ఆవిడ జయమ్మ పొద్దు గూకితే నీళ్లు ఇచ్చేది కాదు. నేను లోపల ఇంకో పొర గుడ్డ వేసి పావడలు కుట్టేవాణ్ణి. తడి బయటికి కనబడకపోతే చాలనుకున్నాం.

ఆ వానాకాలం పాపకు చలిజ్వరం పట్టుకుంది. కృష్ణగిరి ఆస్పత్రిలో మందిస్తే తగ్గింది. బర్గూరులో మా అత్తగారింట ఉండగా మళ్లీ వచ్చింది. చూసిన డాక్టర్లందరూ నాలుక చూశారు, గుండె విన్నారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని సల్ఫా మాత్రలు రాశారు. వీపు ఎవరూ చూడలేదు. మేం చూడనిస్తే గదా!

రుక్కు నడుము వెనక, సరిగ్గా వెన్నెముక మీద, పుట్టినప్పటినుంచి ఒక వెంట్రుకల కుచ్చు ఉంది. వేలెడంత పొడుగు, పట్టులాగా మెత్తన. మా అమ్మకు అదంటే ప్రాణం. నూనె రాసి దువ్వేది కూడా. "అమ్మవారు పెట్టి పంపిన గుర్తురా ఇది. ఎవురి కంట్లోనూ పడగూడదు" అని వెడల్పాటి గుడ్డపట్టీ చుట్టి దాచేది. డాక్టరు దగ్గరికి పోయే రోజు ఇంకా బిగించి కట్టేది. దిష్టి ఆస్పత్రుల్లోనే ఎక్కువని ఆమె లెక్క.

ఒకసారి జ్వరంతోపాటు పాప ముఖం ఉబ్బింది. జూజువాడి దాటి బెంగళూరు పోయే బస్సెక్కాం, అమ్మ కూడా వెంట వచ్చింది. అక్కడి పెద్దాస్పత్రిలో ఒక వయసైన డాక్టరమ్మ పాప పొత్తికడుపు తట్టి చూసింది. "బ్లాడర్ నిండా ఉంది. అయినా కారతానే ఉంది. పాపా, ఒంటికి పోవాలని నీకు తెలుస్తుందా?" అని అడిగింది. రుక్కు తల అడ్డంగా ఊపింది.

"బోర్లా పండబెట్టండి. వీపు చూడాల."

మా అమ్మ అడ్డం నిలబడింది. "ముందర ఎంతసేపన్నా చూడు తల్లీ. వెనక వద్దు."

డాక్టరమ్మ కోప్పడలేదు. "అవ్వా, నేనూ మనవరాళ్లను ఎత్తుకున్నదాన్నే. నా దిష్టి తగలదు. నీ చేత్తో నువ్వే విప్పు" అంది. అమ్మ తన చేత్తోనే పట్టీ ముడి విప్పింది.

తర్వాత ఎక్స్‌రే తీశారు. చేతి నరానికి రంగుమందు ఎక్కించి ఇంకా ఎక్స్‌రేలు తీశారు. స్పైనా బైఫిడా అన్నారు. డాక్టరమ్మ ఫిలింను వెలుగుకు పట్టి చూపించింది.

"తల్లి కడుపులో ఉన్నప్పుడే ఈ కుచ్చు కింద ఎముక మూసుకోలేదప్పా. దాని కింది నెర్వ్‌లు సరిగా ఏర్పడలేదు. బ్లాడర్ నిండిందని మెదడుకు చెప్పేది, దాన్ని ఖాళీ చేయించేది ఆ నెర్వ్‌లే. అవి పని చెయ్యకుంటే యూరిన్ లోపలే నిలిచిపోతుంది, పైన కిడ్నీ ఉబ్బుతుంది. ఎడమ కిడ్నీ ఉబ్బింది. కుడిది ఇంకా బాగుంది."

"కుడిది కూడా పోతే?" అన్నాను.

"పిల్ల దక్కదు." మెల్లగానే చెప్పింది, కానీ దాచలేదు. "పుట్టకముందు జరిగింది నేను మార్చలేను. పుట్టినాక కిడ్నీకి ఏమయ్యేదీ మీ చేతుల్లో ఉంది."

వరండాలో అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "చూపించమనే గుర్తు పెట్టి పంపింది కదరా ఆ తల్లి. నేను దాచిపెడితిని" అని ఒకటే ఏడుపు. "ఊరుకో అమ్మా, నీ అంత ముద్దుగా దాన్ని ఎవురు చూసుకున్నారు?" అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

మొదట రబ్బరు ట్యూబు పెట్టి బ్లాడర్ ఖాళీ చేశారు. జ్వరం తగ్గాక డాక్టరమ్మ నా అరచేతిని పాప బొడ్డు కింద పెట్టి, ఎట్లా మెల్లగా కిందికి నొక్కాలో నేర్పింది. "కొందరు పిల్లలకు నొక్కితే యూరిన్ కిడ్నీకి ఎక్కుతుంది. ఈ పిల్లకు ఎక్కడంలేదని ఎక్స్‌రేలో చూసుకునే చెప్తున్నాను. ఇంకొకరికి మీరు నేర్పొద్దు" అని గట్టిగా చెప్పింది. జయమ్మ చెయ్యి వేయబోయి భయపడి వెనక్కి తీసుకునేది. కాబట్టి ఆ పని నాదయింది. బడికి ముందు, అన్నానికి ముందు, పడుకునే ముందు, అంగట్లో ఎవరున్నా లేచి పోవాల్సిందే. "నాయనా, కితకితలు!" అని అది నవ్విందంటే మళ్లీ మొదటికి వచ్చేది.

అంతా బాగుందనుకుంటుండగా కృష్ణగిరి అవతలి పోచంపల్లిలో దెబ్బ తగిలింది. సంతకని చుట్టాలింటికి తల్లీకూతుళ్లు పోయారు. ఇంటినిండా జనం, పెరట్లో చాటు లేదు. జయమ్మ భయం దిగమింగి నొక్కడానికి పిలిచినప్పుడల్లా రుక్కు సిగ్గుపడి "నేనే చేసుకున్నానమ్మా" అని అబద్ధం చెప్పింది. తిరిగి వచ్చేసరికి జ్వరం, వాంతులు. ఈసారి కుడి కిడ్నీకి కూడా ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్నారు. ఆస్పత్రి మంచం పక్కనే నేను పిల్లను తిట్టడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ నా మీద లేచింది. "దాన్ని ఎందుకప్పా తిడతావు? ఎనిమిదేళ్ల ఆడపిల్ల, సిగ్గు ఉండదా? పోయి దానికి చాటు చూపించు!"

దేవుడి దయ, కుడి కిడ్నీ నిలబడింది. ఊరికి రాగానే మందపాటి ఖాకీ గుడ్డతో తెర కుట్టాను. బడి వెనక నాలుగు గుంజలు నాటి కట్టాను. పంతులమ్మ వద్దనలేదు సరికదా, మొదట తనే వాడింది. వారం తిరక్కుండానే బళ్లోని ఆడపిల్లలందరూ దాని ముందర వరస కట్టారు. రుక్కు ఇంటికొచ్చి, "నా తెరకు నేనే కాచుకోవాల్సి వస్తుంది నాయనా!" అని నాతో తగాదా.

ఇప్పుడు రుక్కుకు పదకొండు నిండాయి. నడుస్తుంది, చదువుతుంది, వాళ్లమ్మతో సమానంగా వాదిస్తుంది. కారడం పూర్తిగా ఆగలేదు, లోపలికి మెత్తటి గుడ్డలు కుట్టి ఇస్తుంటాను. ఈమధ్య తీసిన ఎక్స్‌రేలో ఎడమ కిడ్నీ ఉబ్బు కొంచెం తగ్గింది, కుడిది బాగుంది.

మొన్న ఒక పొద్దున ఎప్పటిలాగే చేతులు కడుక్కుని పోతే తలుపు గడియ వేసి ఉంది. "ఇంక నువ్వు రావద్దు నాయనా. నాకు నొక్కుకోవడం వచ్చేసింది, నేనే చేసుకుంటాను" అంది లోపలినుంచి. "బాగా ఖాళీ అయిందా?" అని అడిగాను. "అయింది, నువ్వు అంగడికి పో!" అని కసిరింది. పోయి మిషను ముందర కూర్చున్నాను. ఎంతసేపు చూసినా సూదిలోకి దారం ఎక్కలేదు. ఆరేళ్లుగా నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే, అయినా కళ్లు నిండిపోయాయి.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పట్టపగలు కూడా తెలియకుండా తడుపుకునే బిడ్డ మీ ఇంట ఉంటే డాక్టరు అడక్కపోయినా బోర్లా పడుకోబెట్టి వీపు చూపించండి. దిష్టి తగిలితే తీసేదానికి ఇంట్లో అవ్వలున్నారు.