నారాయణప్ప పంకా పరిశోధన

నారాయణప్ప ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు పైకి చూస్తాడు. దేవుడికి దండం పెట్టుకుంటున్నాడనుకుంటారు కొత్తవాళ్లు. ఆయన చూసేది ఫ్యానుని. అది ఏ కాలంది, రెక్కలు ఎవరు మార్చారు, ఆఖరిసారి నూనె ఎప్పుడు పోశారు, ఇవన్నీ తేలాకే కింద మనుషులున్న సంగతి ఆయనకు గుర్తొస్తుంది.

అనంతపురం నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఫ్లాట్లు అమ్మిపెట్టే మనిషికి ఈ జబ్బు ఉండకూడదు. కొనేవాళ్లను వెంటబెట్టుకెళ్లి, "ఇల్లు ఏముందిలేప్పా, అన్నీ ఇట్లాంటివే. ఆ హాల్లో ఫ్యాను సూడు. ఓనరు తాత నాటిది, ఎంత నిమ్మళంగా తిరుగుతాండాదో!" అంటాడు. "ఇంటితో పాటు ఫ్యాను కూడా ఇస్తారా?" అని వాళ్లడిగితే, "ఇయ్యరు, పీక్కొని పోతారు" అని ఉన్నమాట చెప్పేస్తాడు. బేరం అక్కడితో సరి.

పక్క ఫ్లాటు రత్నమ్మగారి భర్తకు ఆపరేషన్ అయితే చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాడు. మంచం పక్కన నిలబడి, తలెత్తి చాలాసేపు చూసి, నిట్టూర్చాడు. "బేరింగు పోయిందమ్మా. ఇంక ఎక్కువ రోజులు రాదు." రత్నమ్మ గొల్లుమంది. ఆవిడను ఓదార్చడానికి ఇద్దరు నర్సులు పట్టారు. సంగతి అర్థమయ్యాక ఆవిడ చేతుల్లోంచి నారాయణప్పను కాపాడడానికి మరో ఇద్దరు కావలసి వచ్చారు.

వీళ్లంతా ఉండేది నానక్‌రామ్‌గూడలో ఒకే అపార్ట్‌మెంటు. దాని సంఘానికి కార్యదర్శి శివశంకర్. కర్నూలువాడు, సాఫ్ట్‌వేర్ మేనేజరు, అజెండా లేకుండా అన్నానికి కూడా కూర్చోని మనిషి. అలాంటివాడికి నారాయణప్ప తగులుకున్నాడు.

తెలంగాణ కావాలని సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల దగ్గర్నుంచి బొగ్గు గనుల దాకా అన్నీ ఆగిపోయాయి. వాచ్‌మన్ ఓదెలు రైల్ రోకో అంటూ గేటుకు తాళం వేసి లింగంపల్లి వెళ్లిపోయాడు. అదే పూట నీళ్ల ట్యాంకరు వచ్చింది, తాళం చూసి వెనక్కి పోయింది. కుళాయిలు ఎండిపోయేసరికి శివశంకర్ నెత్తి నిండా షాంపూ నురగ. దాని మీద టవల్ చుట్టుకుని అలాగే అమెరికా క్లయింటుతో వీడియో కాల్‌లో కూర్చున్నాడు. ఆ పెద్దమనిషి టవల్‌ను కట్టు అనుకుని, గొడవల్లో దెబ్బలేమైనా తగిలాయా అని పరామర్శించాడు.

ఆ సాయంత్రమే అజెండాలో కొత్త అంశం చేరింది: ఓదెలును పనిలోంచి తీసేయడం. పని పోతే గేటు పక్క గది కూడా పోతుంది. ఆ గదిలో భార్య ఈరమ్మ, పదో తరగతి చదువుతున్న కూతురు అఖిల ఉన్నారు.

"చెప్పకుంట పోవుడు తప్పే సారు," అన్నాడు ఓదెలు. "గని పోకుంట ఉండలేకపోయిన."

"అది మీటింగులో తేలుతుంది," అన్నాడు శివశంకర్.

మీటింగు ఆదివారం ఆరింటికి, సెల్లారు హాల్లో. ఏడింటికి బొగ్గు కొరతతో కరెంటు కోత. కిటికీల్లేని ఆ హాల్లో కరెంటు పోయాక ఎవరూ ఆగరు. కాబట్టి ఉన్న సమయం గంటే. ఖర్మ కాలి ఆ హాల్లోనే ఒక పాతకాలపు ఫ్యాను ఉంది. మునుపు ఆ స్థలంలో ఉన్న బంగళాది. బిల్డరు చూపుకు బాగుంటుందని తగిలించాడు. నాలుగు చెక్క రెక్కలు, బిందెంత ఇనుప పొట్ట, కింద నూనె పోసే ఇత్తడి గిన్నె. కంపెనీ పేరు ఎన్ని పూతల రంగు కింద పడి ఉందో.

"ఇక ఓదెలు విషయం," అని శివశంకర్ అన్నాడో లేదో నారాయణప్ప తలెత్తాడు.

"ఒక్క మాటప్పా. ఈ ఫ్యాను యాడిదో తేలిందా?"

"ఇప్పుడెందుకు సార్ అది?"

"ఎందుకంటావేంది! మామూలు మోటారులో లోపలిది తిరుగుతాది, బయటిది కదలదు. ఫ్యానులో లోపలి చుట్ట కదలదు, బయటి పొట్టే రెక్కల్ని మోసుకొని తిరుగుతాది. ఎందుకో ఎవురికన్నా తెల్సునా?"

ఎవరో మర్యాదకు "తెలీదండీ" అన్నారు. అదే కొంప ముంచింది. లోపల రెండు తీగచుట్టలు ఉంటాయట. ఒకదాంట్లో కరెంటు రెండోదాని కంటే రవ్వంత వెనకబడుతుందట. దాంతో అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుందట. పొట్ట దాని వెంట పరిగెత్తుతుందట, ఎన్నటికీ అందుకోలేదట. అందుకునేలోపు కరెంటు పోయింది, అందరూ మెట్లెక్కారు.

మరుసటి ఆదివారం ఇంకో సందేహం. "ఇది డీసీ ఫ్యానా, ఏసీదా? డీసీదైతే పొట్టలో బొగ్గు బ్రష్షులుంటాయి, రాసుకొని రాసుకొని అరిగిపోతాయి."

"బొగ్గు లేకే సార్ ఏడింటికి కరెంటు పోతోంది! త్వరగా కానివ్వండి."

"ఆ బొగ్గు వేరు, ఈ బొగ్గు వేరు నాయనా. తేడా చెప్తా, కూర్చో."

ఆ పై వారం, ఆయన మీద ఇంకా కోపం చల్లారని రత్నమ్మ కూడా ఇత్తడి గిన్నెలో ఆముదం పోయవచ్చా లేదా అనే వాదనలో పడి కొట్టుకుపోయింది. ఓదెలు అంశం అలాగే ఉండిపోయింది.

శివశంకర్‌కు చిర్రెత్తింది. అసలు ఫ్యానే లేకపోతే ఏం మాట్లాడతాడో చూస్తానని, శనివారం ఎలక్ట్రీషియన్ మహేందర్‌ను పిలిచి దాన్ని దింపించాడు. దింపి చూస్తే పొట్ట పైభాగాన రంగు శుభ్రంగా గీకేసి ఉంది. కంపెనీ పేరు, ఊరు పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఇదెవరు గీకారు?"

"నారాయణప్ప సారే. వినాయక చవితి ముంగట. నేనే నిచ్చెన పట్టిన. కలకత్తాల తయారైంది, ఏసీది అని గప్పుడే చెప్పిండు గద సార్."

అంటే సమ్మెకు ముందే తెలుసన్నమాట! తెలిసి, తెలియనట్టు, ఇన్ని వారాలు! మనిషి తన సమయంతో ఆడుకుంటున్నాడని శివశంకర్ పళ్లు నూరాడు. ఈసారి ఓదెలును మొదటి అంశంగా పెట్టాడు.

ఆదివారం జనం వచ్చేసరికి విసురుకోవడానికి కుర్చీకొక అట్టముక్క ఉంది. పైన ఉత్త కొక్కెం. గుమ్మం దగ్గర ఓదెలు, వెనక ఈరమ్మ నిలబడ్డారు. నారాయణప్ప వచ్చాడు, అలవాటుగా తలెత్తాడు. ముఖం పాలిపోయింది.

"మొదటి అంశం, ఓదెలు," అన్నాడు శివశంకర్ హుషారుగా.

నారాయణప్ప పైకి వేలు చూపించాడు. "అప్పా... ఆ కొక్కెం..."

హాలంతా ఘొల్లున నవ్వింది.

"నగొద్దండి. కొక్కెమంటే ఏమనుకుంటాండారు? అది... ఇనుముది. వంగి ఉంటాది. వంగి ఉంటాది కాబట్టి... దానికి తగిలిస్తారు."

ఫ్యాను గురించి అనర్గళంగా మాట్లాడే మనిషికి కొక్కెం గురించి ముక్క రాదని అందరికీ తెలిసిపోయింది. అయినా ఆపడే! చెమటలు కక్కుతూ, గోడ గడియారం వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూస్తూ, "ఇనుము గట్టిగా ఉంటాది" అంటున్నాడు. శివశంకర్ కూడా గుమ్మం వైపు చూశాడు. ఈరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడర్థమైంది. ఇన్ని ఆదివారాలూ ఈయన కాపలా కాసింది గేటు పక్క గదిని. శివశంకర్‌కు సిగ్గేసింది, ఆ వెంటే నవ్వూ వచ్చింది. గడియారం చూశాడు. ఇంకా ముప్పావు గంట ఉంది. పాపం, ఇనుము గట్టితనం మీద ముప్పావు గంట ఎవరు లాగగలరు?

గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ కొక్కెం ఎంత బరువు మోస్తుందంటారు?"

నారాయణప్ప అతన్ని తేరిపార చూశాడు. "మంచి ప్రశ్న వేసినావు నాయనా!"

"తుప్పు పడితేనో?" అంది రత్నమ్మ, అట్టముక్కతో విసురుకుంటూ. ఆవిడకూ అర్థమైనట్టుంది. ఆ తర్వాత ప్రశ్నలకు కొదవ లేకపోయింది. కరెంటు పోయేదాకా కొక్కెమే నడిచింది.

చీకట్లో ఓదెలు టార్చి పట్టుకుని ముందు నడిచాడు. "జర పైలం సారు, మెట్లున్నయ్."

"వచ్చే ఆదివారం మిగతా సగం చెప్పండి సార్," అన్నాడు శివశంకర్. "అజెండాలో కొక్కెం ఒక్కటే పెడతాను."

నారాయణప్ప మెట్టు మీద ఆగాడు. "ఒక్కటేనా? ఇంగ వేరే అంశం లేదా?"

"లేదు సార్. కొట్టేశాను."

"అట్లయితే మీటింగు ఎందుకప్పా!" అన్నాడు నారాయణప్ప. "ఆదివారం పూట మాకు వేరే పనుల్లేవా?"