ఉడతత్త, అతికించిన నవ్వు

టీవీలో ఒక ఉడత ఉంది. పిల్లల బొమ్మల సీరియల్లో. దానికెప్పుడూ ఆరేళ్ళే. కొమ్మల మీంచి దూకుతుంది, ఎలుగుబంటి ముక్కు మీద గింజలు విసిరి పారిపోతుంది. ఆ ఉడతకి గొంతిచ్చే మనిషికి మాత్రం మేడ మెట్లెక్కితే ఆయాసం. మోకాలు పాత తలుపులా కిర్రుమంటుంది. చదవడానికో కళ్ళజోడు, నడవడానికో కళ్ళజోడు, ఆ రెంటినీ వెతికిపెట్టడానికో మేనకోడలు.

వీధిలో పిల్లలంతా ఆవిణ్ణి ఉడతత్త అంటారు. పెద్దవాళ్ళూ అదే అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అక్కడే ఉంటుంది.

ఆవిడ అన్నయ్య, వదిన, వాళ్ళమ్మాయి కింద వాటాలో ఉంటారు. ఈవిడ పైగదిలో. లోన్లు అమ్మేవాళ్ళు ఫోన్ చేస్తే ఉడతత్తకి పండగే. "అమ్మ స్నానం చేస్తోంది అంకుల్! మీరు పాట పాడితే పిలుస్తా!" అంటుంది. ఒకాయన పాపం నిజంగానే పాడాడు. ఈవిడ పైపెచ్చు "ఇంకోటి!" అంది. మేనకోడలు మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది.

ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, కుదురుండదు. ఎనిమిదో క్లాసు. బడి నుంచి రాగానే సంచి కింద పడేసి మేడెక్కేది. అత్త ఉడతలా చదివితే ఇది ఎలుగుబంటిలా చదివేది. అదీ రిహార్సలు. కొన్నాళ్ళుగా ఎలుగుబంటి వాలకం బాగాలేదు. మందు సీసా మీద అక్షరాలు చదివినట్టు చదువుతోంది. ఒక చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోను.

"ఏమే, ఎలుగుబంటికి జ్వరమా?" అంటే, "ఏం లేదత్తా" అంటుంది. ఏం లేదత్తా అన్నారంటే ఏదో ఉందని అర్థం. అది తెలిసి కూడా ఉడతత్త ఊరుకుంది. వయసొస్తోంది కదా, అలాగే ఉంటార్లే అనుకుంది.

ఒక సెలవు రోజు వదినకి ఆఫీసు ఉంది. ఉడతత్త పిల్లని వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళింది.

ఆ గది గోడలనిండా మెత్త కొట్టి ఉంటుంది. ఫ్యాను ఉండదు, చప్పుడని. గాజులు తీసి బయట బల్ల మీద పెట్టాలి. ఆకలితో లోపలికి వెళ్ళకూడదు. ఒకసారి ఉడత బిక్కుబిక్కుమంటూ ఏడుస్తుంటే మధ్యలో పులి గుర్రుమంది. ఆ కథలో పులే లేదు. అది అత్త కడుపు. అద్దానికవతల మిషను ముందు కూర్చునే రికార్డింగ్ అతను ఇప్పటికీ దాన్ని దాచుకుని ఎవరొచ్చినా వినిపిస్తాడు.

అతను ఇంకొకటి కూడా దాచాడు. అత్త నవ్వులు. కిచకిచ నవ్వు, కితకితల నవ్వు, దొంగ నవ్వు. అత్తకి గొంతు బాగాలేని రోజు వాటిలోంచి ఒకటి తీసి అతికిస్తాడు. చూసే పిల్లలకి తెలీదు. అత్తకి తెలుస్తుంది. తన నవ్వు కదా.

మధ్యలో విరామం. బయట వరండాలో బెంచీ మీద కూర్చుని అత్త వేణ్ణీళ్ళు తాగుతోంది. పిచ్చుకకి ఏమనిపించిందో, చెవిలోది తీసి అత్త చెవిలో పెట్టింది.

"మా ఫ్రెండత్తా. ఆన్‌లైన్లో. నేను గీసే బొమ్మలన్నీ చూస్తుంది. విను."

"హాయ్ బంగారం! ఇవాళ నువ్వు పెట్టిన బొమ్మ చూశా. ఎంత బాగుందో! మా అమ్మ కూడా మీ అమ్మలాగే అస్తమానం అరుస్తుంది. మనిద్దరం ఒకటే కదా. హి హి హి!"

అత్త మొహం వెలిగిపోయింది. "అబ్బో! బాగా చేసిందే! ఎవరీవిడ? ఏ స్టూడియో?"

"చెయ్యడమేంటి? మాట్లాడింది. ఆవిడేంటి? నా వయసే!"

"నీ వయసా?" అత్త గ్లాసు పక్కన పెట్టింది. "ఇంకోటి పెట్టు."

పిచ్చుక పెట్టింది. చివర హి హి హి. ఇంకోటి. చివర హి హి హి. అదే నవ్వు. మొదటి హి దగ్గర చిన్న జీర, అదే జీర. అత్త తలకాయలో రికార్డింగ్ అతను కనిపించాడు, నవ్వు తీసి అతికిస్తూ.

మళ్ళీ మొదట్నుంచీ వింది. ఎనిమిదో క్లాసు పిల్ల ఊసులు చెప్తుంటే గుక్క ఎక్కడ తిప్పుకుంటుందో దానికే తెలీదు. మాట సగంలో తిప్పుకుంటుంది, మాట తోక మింగేస్తుంది, మధ్యలో ఎవరో పిలిస్తే "ఆఁ వస్తున్నా" అని అరుస్తుంది. ఇక్కడేమో వాక్యం అయ్యాక గుక్క, వాక్యం అయ్యాక గుక్క. కాగితం చూసి చదివినట్టు. గొంతు సన్నంగానే ఉంది. గుక్క మాత్రం పెద్ద ఛాతీలోంచి వస్తోంది.

"పిచ్చుకా, ఇది పిల్ల కాదే. ఎవడో పెద్దవాడు తన గొంతుని మిషన్లో వేసి పైకి లాగి సన్నం చేశాడు."

పిచ్చుక నవ్వుతుందనుకుంది, లేకపోతే పోట్లాడుతుందనుకుంది. పిల్ల మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"అత్తా... నేను ఒక ఫొటో పంపా."

"ఎలాంటి ఫొటో?" అనబోయి అత్త ఆగింది. పిల్ల గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. ఆ చుట్టడంలోనే జవాబుంది. అందులో ఏముందో అత్త అడగలేదు. మనమూ అడగం.

"తనే ముందు పంపింది, నువ్వూ పంపు, ఫ్రెండ్స్ మధ్య ఏముంది, ఎవరికీ చెప్పకు అంది. ఇప్పుడు ఇంకోటి కావాలంటోంది. లేకపోతే ఆ ఫొటో, అమ్మ గురించి నేను రాసినవన్నీ అమ్మకి పంపిస్తానంటోంది."

లోపల ఎర్రదీపం వెలిగింది. రికార్డింగ్ అతను అద్దంలోంచి రమ్మని చెయ్యూపాడు. ఉడతత్త తలుపు తోసి, "ఉడతకి ఒంట్లో బాగాలేదయ్యా, రేపొస్తుంది" అంది. బస్సులో ఇద్దరూ చేతులు పట్టుకునే కూర్చున్నారు. గాజులు స్టూడియోలోనే మర్చిపోయింది.

పైగదికి చేరారో లేదో ఫోను టింగుమంది. "ఏంటి బంగారం, ఇంకా పంపలేదు?"

ఇక్కడ ఉడతత్త చెయ్యకూడని పని చేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి. లోన్ల వాళ్ళని ఆడించినట్టు వీణ్ణీ ఆడించి బయటికి లాగుదామనుకుంది. పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని, బటన్ నొక్కి, అచ్చం పిచ్చుక గొంతుతో, పిచ్చుక నసతో సహా, "సరేగానీ, ముందు నువ్వు వీడియోలో మొహం చూపించు. నాకు సిగ్గు కదా! హి హి హి!" అని పంపేసింది. పంపి, కన్ను కొట్టింది కూడా. 'చూశావా మీ అత్తంటే ఏంటో' అన్నట్టు.

జవాబు గొంతుతో రాలేదు. రాతలో వచ్చింది. బంగారం లేదు, నవ్వూ లేదు.

"పక్కన ఎవరున్నారు? నా దగ్గరా తెలివితేటలు? రేపటికి ఇంకోటి రాకపోతే నీ ఫొటో వీళ్ళందరికీ వెళ్తుంది." కింద పిచ్చుక స్నేహితురాళ్ళ పేర్లు వరసగా.

అత్త కొట్టిన కన్ను అలాగే ఉండిపోయింది.

"ఎందుకు చేశావ్?" పిచ్చుక ఏడవడం లేదు. అదే భయంగా ఉంది. "నన్నడిగావా? వాడు నా వయసు గొంతు పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నువ్వు నా గొంతే పెట్టుకుని వాడి దగ్గరికెళ్ళావ్. ఇద్దరూ ఇద్దరే."

ఉడతకీ కోతిపిల్లకీ తప్పిపోయిన రాకుమారుడికీ గొంతిచ్చిన మనిషి ఫోను పిల్ల చేతిలో పెట్టేసింది. కింద కూర్చుంది. మోకాలు కిర్రుమంది.

"తప్పే," అంది చివరికి. "పెద్ద తప్పు. నీ గొంతు నీది. మళ్ళీ ముట్టుకోను."

"అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి."

"వెయ్యను."

"అత్తా!"

"ఎవరికీ చెప్పకు అన్నది వాడు. నేనూ అదే మాటంటే అప్పుడు నిజంగానే ఇద్దరం ఇద్దరే అవుతాం. కానీ నీ వెనకాల చెప్పను. నువ్వు పక్కనుంటేనే చెప్తా. ముందు ఇలాంటివి చూసేవాళ్ళని అడుగుదాం. సరేనా?"

పిచ్చుక కిందికి వెళ్ళి సంచి తెచ్చింది. బడి గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది. దాని వెనకాల పిల్లల హెల్ప్‌లైన్ నంబరు అచ్చేసి ఉంది. ఆ అంకెల మీద గోటి గీతలు. అంటే చేద్దామనుకుంది, చెయ్యలేకపోయింది. అత్త తన ఫోను తీసింది.

నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. అవతల ఎవరో అమ్మాయి, "చెప్పండి" అంది.

ఉడతత్త నోరు తెరిచింది. ఒక్కొక్కరికి భయమేస్తే గొంతు పూడుకుపోతుంది. ఈవిడకి భయమేస్తే పైకి పోతుంది. ఇన్నేళ్ళ అలవాటు. "మేడమ్... ఒక ఫొటో... ఎవరో బెదిరిస్తున్నారండీ..." అని ఆరేళ్ళ ఉడత వణుకుతూ బయటికొచ్చింది.

అవతలి గొంతు మెత్తబడిపోయింది. "భయపడకు తల్లీ. ఫోన్ చేసి చాలా మంచి పని చేశావు. ముందు ఒక మాట విను. నువ్వు ఫొటో పంపినా సరే, తప్పు నీది కాదు. మోసం చేసినవాళ్ళది. నీలాంటి పిల్లలు మాకు రోజూ ఫోన్ చేస్తారు. నువ్వొక్కదానివే కాదు. వింటున్నావా?"

'నేను పెద్దదాన్నమ్మా' అని చెప్పాలి. అత్త గొంతు సవరించుకుంది. పిల్ల గొంతు ముట్టుకోనని ఇందాకే మాటిచ్చింది కదా, ఇదేం ఖర్మ అనుకుంటూ తలెత్తింది. ఎదురుగా పిచ్చుక ఆ ఫోనునే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి, తప్పు నీది కాదు అన్న మాటని లోపల ఇంకోసారి అనుకుంటున్నట్టు.

"పక్కన నువ్వు నమ్మే పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా తల్లీ?" అంది అవతల.

పిచ్చుక చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"ఉన్నారండీ. ఇప్పటిదాకా మాట్లాడింది ఆవిడే. మా అత్త. ఆవిడ గొంతు అలా ఉంటుంది. ఫొటో పంపింది నేను."

అవతలి అమ్మాయి, "అలాగా, అత్తగారూ నమస్కారం" అంది. ఇంత కంగారులోనూ పిచ్చుక ముక్కులోంచి ఒక నవ్వు జారింది. ఎక్కడా అతికించింది కాదు.

ఆ అమ్మాయి ఒక్కోటీ నెమ్మదిగా చెప్పింది. ఇంక వాడికి జవాబివ్వద్దు, ఇంకో ఫొటో పంపొద్దు. ఒకటిచ్చి వదిలించుకుందామంటే ఇంకోటి అడుగుతాడు. ఏదీ తుడిచెయ్యొద్దు. మాటలూ, బెదిరింపులూ, వాడి అకౌంటు పేరూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, అకౌంటు మీద ఫిర్యాదు పెట్టి, ఆ తర్వాత బ్లాక్ చెయ్యి. ఆ ఫొటో మాత్రం ఎవరికీ పంపకు, నాక్కూడా. అది ఎక్కడా పాకకుండా ఆపించడానికి దారులున్నాయి, మేం సాయం చేస్తాం. అమ్మానాన్నలతో వెళ్ళి సైబర్ పోలీసులకి చెప్పండి. అత్త ఇందాక చేసిన ఘనకార్యం కూడా పిచ్చుకే చెప్పేసింది.

"అత్తగారూ," అంది ఆ అమ్మాయి, "వాళ్ళతో ఆటలు మీరు ఆడకండి. ఆ పని పోలీసులకి వదిలెయ్యండి."

"అలాగేనమ్మా," అంది ఉడతత్త. ఈసారి అసలు గొంతే వచ్చింది. బొంగురుగా.

సాయంత్రం అన్నయ్య, వదిన ఇంటికొచ్చాక నలుగురూ కింద బల్ల చుట్టూ కూర్చున్నారు. పిచ్చుకే చెప్పింది. అత్త చెయ్యి దాని వీపు మీద. అన్నయ్య మాట పూర్తిగా వినకుండానే లేచాడు.

"ఏదీ ఆ ఫోను? పగలగొట్టి పారేస్తా!"

"పగలగొట్టు," అంది ఉడతత్త. "వాడి ఆనవాళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. నీకు దండేసి దణ్ణం పెడతాడు వాడు. కూర్చోరా అన్నయ్యా."

అన్నయ్య కూర్చున్నాడు. కూతురి వైపు చూడలేక బల్ల వైపు చూశాడు. ఆ తర్వాత కుర్చీ దాని పక్కకి జరుపుకున్నాడు.

వదిన ఫోను అందుకుంది. ఫిర్యాదుకి కావాలి కదా అని స్క్రీన్‌షాట్లు ఒక్కోటీ చదువుతోంది. ఒకచోట ఆగింది. అక్కడ పిచ్చుక రాసింది: మా అమ్మ మనిషి కాదు, కుక్కర్. పొద్దున్న మొదలెడితే విజిలే విజిలు.

వదిన ఫోను బల్ల మీద పెట్టింది.

"కుక్కర్‌నా నేను?" అంది వదిన.

"అమ్మా, అది..."

"ఈ మాట నా మొహం మీద అనుంటే ఇంకో విజిలు వేసేదాన్ని, అయిపోయేది. ఎవడికో ఎందుకు చెప్పుకోవాల్సొచ్చింది నీకు?" అని పిల్ల తల లాగి భుజానికి ఆనించుకుంది. "నీ తప్పు కాదన్నారుగా వాళ్ళు. నేనూ అదే అంటున్నా."

పొద్దున్నే నలుగురూ పోలీసుల దగ్గరికి వెళ్ళారు. వాడి అకౌంటు మూతపడింది. వాడు దొరికాడా అంటే ఇంకా లేదు. ఇలాంటి ఫిర్యాదులే ఇంకొన్ని ఉన్నాయని, అన్నిట్లోనూ అదే నవ్వుందని అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది. వాడు బెదిరించిన రోజు వచ్చింది, పోయింది. ఫొటో ఇంతవరకూ ఎక్కడా బయటపడలేదు. అయినా పిచ్చుక కొన్నాళ్ళు బడికి వెళ్తూ గేటు దగ్గర ఆగేది. ఆగినప్పుడల్లా వదిన కూడా ఆగేది, తొందర పెట్టకుండా.

ఒకరోజు పిచ్చుక మేడెక్కి, "అత్తా, కొత్తగా ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. గుక్క చూసి చెప్పు" అని ఫోను చాపింది.

"గుక్కని నమ్ముకోకు," అంది అత్త. "ఇవాళ కాకపోతే రేపు గుక్క కూడా నేర్చుకుంటారు. నేను నేర్చుకోలేదూ? గొంతు ఎలా ఉందో కాదు, ఏం అడుగుతోందో విను. ఎవరికీ చెప్పకు అందా? ఫొటో అడిగిందా? అప్పుడు పదారేళ్ళదైనా అరవయ్యేళ్ళదైనా మనకొకటే."

"రంగు పెన్సిళ్ళు ఏ కంపెనీవని అడిగింది."

"అయితే అదీ మీ అమ్మకి చెప్పి జవాబు రాయి."

అంతలో మంచం మీద అత్త ఫోను మోగింది. అత్త కుర్చీలోంచి లేచేలోపు పిచ్చుక అందుకుంది. స్పీకరు పెట్టింది. లోనట. పిల్ల ఒక్కసారి దగ్గి, నడుం మీద చెయ్యేసుకుని, గొంతు బొంగురు చేసి, మధ్యలో ఆయాసపడుతూ, "అయ్యో నాయనా! మోకాళ్ళు నాయనా! రెండు కళ్ళజోళ్ళూ కనపట్లేదు నాయనా! నువ్వొచ్చి వెతికిపెడితే లోను తీసుకుంటా!" అంది. అవతలాయన ఫోను పెట్టేశాడు.

ఉడతత్త నోరు వెళ్ళబెట్టింది. "ఒసేయ్, నన్నడక్కుండా నా గొంతు పెడతావా?"

"చెల్లుకి చెల్లు," అంది పిచ్చుక. కాగితాలు అందుకుని మంచం మీద కాళ్ళు ముడుచుకుంది. "ఊఁ, కానియ్. ఎలుగుబంటి రెడీ."