సారాంశం కింద నా సంతకం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుదారిలో ఉన్న ఊళ్లు. ఆ దారిలోని కోర్టుల్లోనే ఇరవై ఏళ్లుగా స్టెనోగా పనిచేస్తున్నాను. ఈ సంగతి ఏ కోర్టులో జరిగిందో మాత్రం చెప్పను. చెప్తే పోయేది నా పరువే.

సాక్షుల వాంగ్మూలాలు టైపు చేయడం నా పని. తీర్పు రాసే ముందు జడ్జిగారికి వాటి సారాంశం ఒక్క పేజీలో తీసివ్వడం నేను నెత్తికెత్తుకున్న పని. ఒక జడ్జిగారు బదిలీ మీద వెళ్తూ "మీ పేజీ లేకుండా అక్కడ తీర్పులు ఎలా రాయాలమ్మా" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో, మా ఆయనకు కంఠతా వచ్చేసింది.

ఆ పేజీ రాయడానికి కృత్రిమ మేధ వచ్చింది. నలభై పేజీలు ఇస్తే నేను టీ తాగి వచ్చేలోపు సారాంశం తీసి పెడుతుంది. కొత్తొక వింత, పాతొక రోత. కొత్త జడ్జిగారు "ఎంత నీట్‌గా ఉందో చూడండమ్మా" అని నాకే చూపించారు. నా తల మీది ఫ్యాను బాగు చేయించమని ఐదేళ్లుగా అడుగుతున్నాను. ఆ యంత్రానికైతే వారంలో యూపీఎస్ వచ్చింది. కడుపు మండిపోయింది. మనిషి మీద అసూయైతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, యంత్రం మీద కుళ్లుకుంటున్నానంటే నవ్వరా?

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యంత్రం చెప్పిందని తీర్పు ఇవ్వకూడదు. జడ్జి అసలు వాంగ్మూలం చదివి తీరాలి. సంబరంతో ఆఫీసులో అందరికీ మిక్చర్ పంచాను. ఉత్తర్వు రెండో పేజీ చదివింది ఆ తర్వాతే. యంత్రం రాసిన ప్రతి సారాంశాన్నీ ఒక ఉద్యోగి అసలుతో పోల్చి, తప్పులు దిద్ది, రిజిస్టరులో సంతకం చేయాలట. ఆ ఉద్యోగి నేనే. సవతి బిడ్డకు ముక్కు తుడవమన్నట్టుంది.

అప్పుడే బుక్కపట్నం వైపు నుంచి ఒక అవ్వ దావా విచారణకు వచ్చింది. ఆమె మొగుడు పోయాక మూడెకరాలు తానే సేద్యం చేసుకుంటోంది. మరిది అది తనదంటున్నాడు. ఎప్పటినుంచి సేద్యం చేస్తోందో తేలకపోతే అవ్వకు ఆ నేల దక్కదు.

"ఏ సంవత్సరం నుంచి సేద్యం చేస్తాండావవ్వా?" అని మరిది తరఫు వకీలు అడిగాడు.

"సంవచ్చరాలు నాకేం తెలుసు సామీ? మా చెరువు మరవ పారిన ఏడు నుంచి. ఆ యేడే నా కొడుకును ఇస్కూల్లో ఏస్తి."

మాది కరువు సీమ. చెరువు నిండి మరవ మీద నీళ్లు పొర్లిన ఏడాదిని ఎవరూ మరిచిపోరు. పెళ్లిళ్లు, చావులు, కాన్పులు దాన్నిబట్టే చెప్తారు. కొడుకు బడి సర్టిఫికెట్టు ఎలాగూ ఫైల్లో ఉంది. రెండూ కలిపి చూస్తే సంవత్సరం తేలిపోతుంది. అవ్వ చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను.

యంత్రం మాత్రం ఇలా రాసింది: "సాగు ఏ సంవత్సరం మొదలైందో సాక్షి చెప్పలేకపోయింది. చెరువు గురించి, కొడుకు గురించి సంబంధం లేని మాటలు చెప్పింది."

చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. దిద్దితే పేరు దానికే వస్తుంది. వదిలేస్తే, సారాంశం నకలు అందుకున్న అవ్వ వకీలు నిండు కోర్టులో దాని బండారం బయటపెడతాడు. "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాను.

అవ్వ వకీలు ఆ ఊసే ఎత్తలేదు. పాసుపుస్తకం గురించే వాదించి కూర్చున్నాడు. తీర్పు వాయిదా పడింది. ఆ వారంలో రెండుసార్లు జడ్జిగారి గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెప్తే సంతకం ఎందుకు చేశావంటారు.

చివరికి ఆయనే పిలిచారు. ఉత్తర్వు ప్రకారం అసలు వాంగ్మూలం మొత్తం చదివారు. అవ్వ మాటల కింద ఎర్ర గీత, పక్కనే బడి సర్టిఫికెట్టు.

"ఇది చదివి సంతకం చేశారా, చదవకుండానా?"

ఇరవై ఏళ్లలో నేను చదవకుండా ఒక్క కాగితం వదల్లేదు. "చదవలేదు సార్" అన్నాను. అసూయ కంటే అశ్రద్ధ అన్న పేరే నయమనిపించింది.

మెమో నాకొచ్చింది. యంత్రానికి ఏదీ రాలేదు. మరునాడు కూడా ఎప్పటిలాగే నీట్‌గా రాసుకుంటూ పోయింది. దాన్ని చూసి మళ్లీ కుళ్లుకున్నాను. తప్పు చేశానన్న దిగులు దానికి లేదు.

అవ్వ గెలిచింది. తీర్పు విని వరండాలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నేను చెప్పిండేది ఒక్క ముక్క ఇడ్సకుండా రాసినావంట కదమ్మా. అందుకే గెలిస్తినంట. నీ చేతులు సల్లగుండ!"

నిజమే, రాసింది నేనే. ఆ చేత్తోనే సంతకం కూడా చేశానని ఆమెకు చెప్పలేదు. అవ్వ చేతులు వదిలేదాకా అలాగే నిలబడ్డాను.